నానో వజ్రాల ఉపరితలం మారితే చుట్టూ ఉన్న నీరు, వెలువడే వెలుగు రెండూ ఎందుకు మారుతున్నాయి?

వెన్నెలరాయి (ప్రశ్న)

నమస్కారం. నేను పదార్థ విజ్ఞానంలో పీహెచ్‌డీ రెండో ఏడులో ఉన్నాను. అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రత పద్ధతిలో తయారైన కృత్రిమ వజ్రాన్ని నూరి, సగటున 40 నానోమీటర్ల పరిమాణానికి తెచ్చిన పొడితో పని చేస్తున్నాను. మా చేతికి రాకముందే ఈ పొడిని ఎలక్ట్రాన్ పుంజానికి గురిచేసి, ఆపైన శూన్యంలో 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేశారు. అందువల్ల నత్రజని పరమాణువు పక్కనే ఒక కార్బన్ స్థానం ఖాళీగా ఉండే కేంద్రాలు, అంటే అందరూ ఎన్‌వీ కేంద్రాలని పిలిచేవి, ఇందులో దండిగానే ఉన్నాయి.

ఒకే సీసాలోని పొడిని రెండు భాగాలు చేశాను. మొదటి భాగాన్ని గాలిలో 450 డిగ్రీల దగ్గర ఐదు గంటలు ఉంచి, గంధకికామ్లం, నత్రికామ్లం కలిపిన మిశ్రమంలో మరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతూ చాలాసార్లు కడిగాను. రెండో భాగానికి కూడా ఇదంతా చేసి, ఆరబెట్టిన తరువాత అదనంగా హైడ్రోజన్ వాయు ప్రవాహంలో 600 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచాను. రెండింటినీ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున స్వేదనజలంలో కలిపి సోనికేటర్‌లో (అతిధ్వనులతో పొడిని నీటిలో విడదీసే పరికరంలో) పెట్టాను. జీటా పొటెన్షియల్, అంటే నీటిలో రేణువు ఉపరితలపు ఆవేశాన్ని సూచించే కొలత, మొదటిదానికి −38 మిల్లీవోల్టులు, రెండోదానికి +31 మిల్లీవోల్టులు వచ్చింది కనుక ఉపరితలం నిజంగానే మారిందని నమ్ముతున్నాను.

532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ వేసి చూస్తే మొదటి నమూనా ఎర్రగా బాగా వెలుగుతోంది. రెండోది దానిలో మూడో వంతు కూడా వెలగడం లేదు, పైగా దాని వర్ణపటం కాస్త నారింజ వైపు జరిగినట్టుంది. రెండింటిలోనూ 650 నానోమీటర్ల దగ్గర ఒక వెడల్పాటి మూపురం కనిపిస్తోంది. అది ఏ కేంద్రానిదో నాకు అంతుపట్టలేదు.

అదే పరికరంలో నీటి రామన్ వర్ణపటాన్ని, అంటే అణువుల కంపనాల వల్ల లేజర్ వెలుగు రంగు మారి చెదిరే తీరును, కూడా తీశాను. హైడ్రోజన్ పూసిన నానో వజ్రాల చుట్టూ నీటి అణువుల మధ్య బంధాలు బలహీనంగా ఉంటాయని చదివాను కాబట్టి రెండో నమూనాలో మార్పు కనిపిస్తుందని ఎదురుచూశాను. తీరా చూస్తే రెండోది మామూలు నీటిలాగే ఉంది. ఆక్సీకరణం చేసిన మొదటి నమూనాలోనే ఓహెచ్ (నీటిలోని ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాల) పట్టీ కుడిపక్క, అంటే 3400 సెం.మీ⁻¹ దాటిన వైపు, గట్టిగా పైకి లేచింది. బలహీన బంధాలున్న నీరు కనిపించేది ఆ వైపే కదా. మరి నీరు బలహీనపడిన చోటే వెలుగు పెరిగిందని రాసుకోవచ్చా? లేక హైడ్రోజన్ నమూనాలో వెలుగును నీరే ఆర్పేస్తోందా? పెద్దలు దయచేసి దారి చూపగలరు.

రామన్‌రేఖ

వెన్నెలరాయి గారూ, మీ 650 నానోమీటర్ల మూపురం వజ్రానిది కాదు, నీటిది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. 532 నానోమీటర్ల లేజర్ తరంగసంఖ్య, అంటే ఒక సెంటీమీటరులో పట్టే తరంగాల సంఖ్య, 18,797 సెం.మీ⁻¹. నీటిలోని ఓహెచ్ బంధాల కంపనాలు సుమారు 3000 నుంచి 3700 సెం.మీ⁻¹ వరకు పరచుకుని, 3400 దగ్గర శిఖరానికి చేరతాయి. 18,797 లోంచి 3400 తీసేస్తే 15,397 మిగులుతుంది, అది తరంగదైర్ఘ్యంలో 649.5 నానోమీటర్లు. అంటే ఆకుపచ్చ లేజర్ వేసిన ప్రతి నీటి గిన్నెలోనూ, వజ్రం ఉన్నా లేకపోయినా, 633 నుంచి 662 నానోమీటర్ల మధ్య నీరు తన వంతు వెలుగును చెదరగొడుతుంది. ఫ్లోరెసెన్స్ అలవాటుతో వర్ణపటాన్ని నానోమీటర్లలో చూసేవారు దీన్ని కొత్త కేంద్రమనుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను, మొదట్లో నేనూ అనుకున్నాను.

రుజువు చేసుకోవడం తేలిక. స్వేదనజలానికి బదులు భారజలం పోయండి. హైడ్రోజన్ స్థానంలో డ్యుటీరియం రావడంతో ఆ కంపనం 2500 సెం.మీ⁻¹ దగ్గరికి దిగిపోతుంది, మూపురం 614 నానోమీటర్ల దగ్గరికి జరుగుతుంది. వజ్రపు వెలుగు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇక మీ అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఋణావేశమున్న ఎన్‌వీ కేంద్రపు శూన్య ఫోనాన్ రేఖ (వజ్రపు కంపనాలకు శక్తి పంచకుండా వెలువడే సన్నటి రేఖ) 637 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. లేజర్ నుంచి అది ఎంత దూరమో రామన్ భాషలో చెప్పుకుంటే దాదాపు 3100 సెం.మీ⁻¹. అక్కడి నుంచి దాని వెడల్పాటి ఉద్గారం పైకి ఎక్కుతూ 680, 690 నానోమీటర్ల దాకా పోతుంది. మీరు నీటి పట్టీని చూస్తున్నది సరిగ్గా ఆ ఎక్కుడు మీదే! వెలుగు బలంగా ఉన్న మొదటి నమూనాలో నీటి పట్టీ కింద వాలు గట్టిగా ఉంటుంది. ఆ వాలును రెండు చివరల మధ్య సరళరేఖ గీసి తీసేస్తే, అది నిజానికి వంపు తిరిగిన గీత కాబట్టి, కొంత భాగం మిగిలిపోయి ఓహెచ్ పట్టీ కుడిపక్కకు అంటుకుంటుంది. మీరు బలహీన బంధాలని చదువుకున్నది బహుశా ఎన్‌వీ కేంద్రాల సొంత వెలుగే అయి ఉండాలి. వెలుగు తక్కువైన హైడ్రోజన్ నమూనా మామూలు నీటిలా కనిపించడానికి కూడా అదే కారణమై ఉంటుంది.

లేజర్ మార్చితే తప్పించుకోవచ్చుగా అంటారేమో. 488 నానోమీటర్ల నీలి లేజర్ వేస్తే నీటి పట్టీ 572 నుంచి 595 నానోమీటర్ల మధ్యకు వస్తుంది. అక్కడ ఆవేశం లేని ఎన్‌వీ కేంద్రపు రేఖ, 575 నానోమీటర్ల దగ్గర, కాచుకుని కూర్చుని ఉంటుంది. నక్క ఒక గోతిలోంచి లేచి ఇంకో గోతిలో పడ్డట్టే. పరారుణ 785 లేజర్ వేస్తే నీటి పట్టీ 1070 దగ్గరకు పోయి సిలికాన్ డిటెక్టర్‌కు అందకుండా పోతుంది. 405 నానోమీటర్ల ఊదా లేజర్‌తో పట్టీ 461 నుంచి 476 మధ్యకు వస్తుంది కనుక ఎన్‌వీల బెడద ఉండదు, కానీ ఉపరితలం మీద గ్రాఫైట్ తరహా కార్బన్ మిగిలి ఉంటే దాని వెలుగు అక్కడ అడ్డు పడుతుంది. నా మాట వింటే, ఎలక్ట్రాన్ పుంజానికి గురికాని అదే పొడిని సంపాదించి, దానికీ ఇవే రెండు ఉపరితల చర్యలు చేసి, నీటి వర్ణపటాన్ని దానితో తీయండి. ఉపరితలం అదే, వెలుగు నామమాత్రం.

ఇంకో మాట. మూపురం నచ్చలేదని ఉత్త నీటి వర్ణపటాన్ని నమూనా లోంచి తీసేయకండి. పొడి కలిసిన నీరు పాలలా మసకగా ఉంటుంది. లేజర్ లోపలికి వెళ్లడమూ, వెలుగు బయటికి రావడమూ రెండూ తగ్గుతాయి కనుక ఉత్త నీటితో లెక్క సరిపడదు. దానికన్నా నీటి పట్టీనే కొలబద్దగా వాడుకోవడం మేలు. వజ్రపు వెలుగు వైశాల్యాన్ని అదే వర్ణపటంలోని నీటి పట్టీ వైశాల్యంతో భాగిస్తే, మసక వల్ల కలిగే నష్టం రెండింటికీ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి, నమూనాకూ నమూనాకూ పోలిక కుదురుతుంది. రెండో నమూనా వెలుగు మూడో వంతు అన్నారే, ఆ అంకె ఈ పద్ధతిలో వేసినదేనా?

చిన్న పక్కమాట. ఈ పరిక్షేపణాన్ని 1928లో కలకత్తాలో కనిపెట్టిన సి.వి. రామన్ చిన్నతనం, తొలి చదువు విశాఖపట్నంలోనే సాగాయి. తరువాతి కాలంలో బెంగళూరులో ఆయన ఏళ్ల తరబడి వజ్రాలను, వాటి కాంతిని పరిశీలించారు. నీరు, వజ్రం, చెదిరిన కాంతి మూడూ ఒకే క్యూవెట్‌లో (నమూనా పోసే చిన్న పారదర్శక పాత్రలో) చేరిన మీ ప్రయోగం ఆయనకు నచ్చేదే అనిపిస్తుంది.

బొగ్గుపులుసు

రామన్‌రేఖ గారు నీటి సంగతి తేల్చారు కనుక నేను వెలుగు సంగతి చూస్తాను. హైడ్రోజన్ నమూనాలో వెలుగు తగ్గడమూ, నారింజ వైపు జరగడమూ రెండు వేర్వేరు విషయాలు కావు, ఒకే కారణానికి రెండు ముఖాలు.

ఎన్‌వీ కేంద్రం అదనంగా ఒక ఎలక్ట్రాన్ పట్టుకుని ఉంటే 637 నానోమీటర్ల రేఖతో ఎర్రగా వెలుగుతుంది. ఆ ఎలక్ట్రాన్ పోతే 575 రేఖతో నారింజ ఛాయలో వెలుగుతుంది. ఇంకొకటి కూడా పోతే ఆ వెలుగు కూడా ఉండదు. కాబట్టి ఎలక్ట్రాన్లను ఎవరు లాగుతున్నారన్నదే అసలు ప్రశ్న.

హైడ్రోజన్ కన్నా కార్బన్‌కు ఎలక్ట్రాన్లను లాక్కునే గుణం కాస్త ఎక్కువ. అందువల్ల హైడ్రోజన్ కప్పిన ఉపరితలం మీద ధనావేశపు కొస బయటికి, ఋణావేశపు కొస లోపలికి ఉండే చిన్న చిన్న ద్విధ్రువాలు బారులు తీరుతాయి. వాటి ఫలితంగా వజ్రంలోని ఎలక్ట్రాన్ల శక్తిస్థాయిలన్నీ బయటి ప్రపంచంతో పోలిస్తే పైకి జరుగుతాయి. కొలిచిన విలువలు చూడండి: హైడ్రోజన్ కప్పిన వజ్రానికి ఎలక్ట్రాన్ అఫినిటీ (బయటి నుంచి ఎలక్ట్రాన్ వచ్చి చేరితే విడుదలయ్యే శక్తి) దాదాపు −1.3 ఎలక్ట్రాన్ వోల్టులు, ఆక్సిజన్ కప్పినదానికి దాదాపు +1.7. మూడు ఎలక్ట్రాన్ వోల్టుల తేడా, అదీ ఒక్క పరమాణువు మందం పొర వల్ల! అలా పైకి జరిగిన వేలెన్సీ పట్టీ (బంధాల్లోని ఎలక్ట్రాన్లుండే శక్తిస్థాయిలు), నీటిలో కరిగిన ఆక్సిజన్‌తో జరిగే రెడాక్స్ చర్య (ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోలు) స్థాయి కన్నా ఎత్తున నిలుస్తుంది. ఎత్తు నుంచి పల్లానికి నీరు పారినట్టు, వజ్రం లోని ఎలక్ట్రాన్లు నీటిలోకి జారుతాయి, వజ్రంలో ధన రంధ్రాలు మిగులుతాయి. హైడ్రోజన్ కప్పిన వజ్రం గాలిలో ఉంచితే చాలు ఉపరితలం మీద విద్యుత్తును ఎందుకు ప్రసరింపజేస్తుందన్న పాత చిక్కుముడికి 2000లో ఇదే వివరణ ఇచ్చారు. గాలిలోని తేమ వజ్రం మీద పలుచగా పట్టిన నీటిపొరే ఎలక్ట్రాన్లను తీసుకుంటుందని తేల్చారు. మీ క్యూవెట్‌లో తేమ కాదు, నీరే ఉంది. మీ జీటా పొటెన్షియల్ ధనాత్మకంగా రావడం కూడా ఈ చిత్రానికి సరిపోతుంది.

ఇప్పుడు ఆ కేంద్రాల దృష్టిలో చూడండి. ఉపరితలానికి దగ్గరగా ఉన్న కేంద్రాల అదనపు ఎలక్ట్రాన్ ఈ ప్రవాహంలో కొట్టుకుపోతుంది. లోతుగా ఉన్నవి పెద్దగా చలించవు. మామూలు వజ్రపు పలకలో పైపొర అంటే మొత్తంలో ఏ మూలకూ రాదు. కానీ 40 నానోమీటర్ల గుండ్రటి రేణువులో నీటికి 5 నానోమీటర్ల లోపు ఉన్న భాగమే మొత్తం ఘనపరిమాణంలో 58 శాతం. అందుకే ఉపరితలం మీద చేసిన చిన్న మార్పు మీ రేణువుల్లో సగానికి పైగా కేంద్రాలకు సోకే వీలుంది.

ఆక్సీకరణం చేసిన నమూనా బాగా వెలగడానికి మరో కారణం కూడా ఉంది, అది ఆవేశానికి సంబంధించినది కాదు. వజ్రాన్ని నూరినప్పుడు, వేడిచేసినప్పుడు రేణువు పైన గ్రాఫైట్ తరహా నల్లటి కార్బన్ పేరుకుంటుంది. అది లేజర్‌నూ మింగుతుంది, కేంద్రాల శక్తినీ మింగుతుంది. గాలిలో 450 డిగ్రీల దగ్గర వజ్రం కన్నా ముందు కాలేది అదే. మసిబట్టిన లాంతరు చిమ్నీ తుడిస్తే వెలుగు పెరిగినట్టే ఇదీను. మీరు రెండు నమూనాలకూ ముందు ఆక్సీకరణం చేశారు కాబట్టి ఈ తేడా కొంత తగ్గాలి, కానీ హైడ్రోజన్‌లో వేడిచేసినప్పుడు మళ్లీ మసి పట్టలేదని ఎలా అంటాం? ఆ పొడి రంగు ఎలా ఉంది?

నీరే వెలుగును ఆర్పుతోందా అన్నదానికి జీవితకాలం కొలవడం మంచి పరీక్ష. పెద్ద వజ్రంలో ఋణావేశ ఎన్‌వీ కేంద్రం ఉద్రేక స్థితిలో దాదాపు 12 నానోసెకన్లు ఉంటుంది. వజ్రపు వక్రీభవన గుణకం 2.4, గాలిది 1, నీటిది 1.33 కనుక నానో రేణువులో కేంద్రం చుట్టూ ఉన్న సగటు గుణకం పడిపోయి, ఆ కాలం 20 నానోసెకన్లకు పైగా సాగుతుంది. నీరో, మసో శక్తిని దొంగిలిస్తుంటే ఈ కాలం కుదించుకుపోవాలి. అలా కాక కొన్ని కేంద్రాలు ఎలక్ట్రాన్ పోగొట్టుకుని జాబితాలోంచి తప్పుకుంటే, మిగిలిన ఎర్ర కేంద్రాల జీవితకాలం పెద్దగా మారకుండా వెలుగు మాత్రమే తగ్గుతుంది. ఒక జాగ్రత్త: ఆకుపచ్చ లేజర్ బలం ఎక్కువైతే అదే ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టి నారింజ వెలుగు పెంచుతుంది. రెండు నమూనాలనూ ఒకే బలంతో, వీలైనంత తక్కువ బలంతో చూడండి.

అన్నిటికన్నా గట్టి పరీక్ష మాత్రం చవకైనది. వెలుగు తగ్గిన ఆ హైడ్రోజన్ పొడినే తీసుకుని మళ్లీ గాలిలో 450 డిగ్రీల దగ్గర ఉంచండి. ఎర్ర వెలుగు తిరిగి వస్తే కేంద్రాలు చావలేదు, ఎలక్ట్రాన్ కోసం ఎదురుచూస్తూ ఉన్నాయని అర్థం.

వెన్నెలరాయి

ఇద్దరికీ ధన్యవాదాలు. భారజలం పోసి చూశాను. మూపురం 650 నుంచి 614 దగ్గరికి నడిచి వెళ్లింది! ఆరు నెలలుగా నా నోటుపుస్తకంలో దానికి ఒక పేరు కూడా పెట్టుకుని ఉన్నాను, ఆ పేజీ ఇప్పుడు చూస్తుంటే నవ్వొస్తోంది.

మూడో వంతు అన్న అంకె నేరుగా తీసినదే. నీటి పట్టీతో భాగిస్తే రెండో నమూనా వెలుగు మొదటిదానిలో సగం దాకా వస్తోంది. హైడ్రోజన్ నమూనా రాత్రికి రాత్రి ముద్దకట్టి అడుగున పలుచటి బూడిదరంగు పొరలా చేరుతోంది కాబట్టి, కాంతి పుంజం వెళ్లే ఎత్తులో పొడి తగ్గిపోవడం కూడా ఇందులో కలిసిందనుకుంటాను. పొడి రంగు మాత్రం మొదటిదానికన్నా ఒక ఛాయ ముదురుగా ఉన్న మాట నిజమే.

ఎలక్ట్రాన్ పుంజానికి గురికాని పొడి పక్క ప్రయోగశాలలో దొరికింది. చర్యలు మొదలుపెట్టాను. ఈలోగా ఒక సందేహం. అసలు ఉపరితలం దగ్గరి నీరు నిజంగా మారుతుందా, లేక పుస్తకాల్లో చదివినదంతా ఇలాంటి పొరపాటేనా?

తడిపొడి

మారుతుందండి, అందులో సందేహం అక్కరలేదు. కానీ మీరు చూస్తున్న చోట అది కనిపించడం కష్టం. ఎందుకో చెప్పడానికి ముందు నీటి అణువుల జనాభా లెక్క ఒకటి వేద్దాం.

వజ్రపు సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.5 గ్రాములు. 40 నానోమీటర్ల గోళాలైతే గ్రాము పొడికి దాదాపు 43 చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది. మీ మిల్లీలీటరులో ఉన్నది 1 మిల్లీగ్రాము కాబట్టి 0.043 చదరపు మీటర్లు, అంటే 4.3 × 10¹⁶ చదరపు నానోమీటర్లు. చదరపు నానోమీటరుకు సుమారు పది నీటి అణువులు ఆనుకుంటాయనుకుంటే, వజ్రాన్ని తాకే అణువులు 4.3 × 10¹⁷. మిల్లీలీటరు నీటిలో మొత్తం అణువులు 3.3 × 10²². దాదాపు 80 వేల అణువుల్లో ఒకటి మాత్రమే మీ వజ్రాన్ని తాకుతోంది! మూడు పొరల దాకా ప్రభావం ఉందనుకున్నా పాతిక వేలకు ఒకటి. తిరునాళ్లలో ఒక మనిషి గొంతు మార్చి మాట్లాడితే మొత్తం హోరు మారిందని ఎవరంటారు? కంటికి కనిపించేంతగా ఓహెచ్ పట్టీ పైకి లేచిందంటే అది పైపొర నీటి వల్ల అయి ఉండదని, వర్ణపటం చూడకముందే ఈ లెక్క చెబుతుంది.

అందుకే నీటి మార్పును పట్టుకున్నవారు ఎక్కువగా వేరే సరుకుతో పని చేశారు. పేలుడు పద్ధతిలో తయారయ్యే నానో వజ్రాలున్నాయి కదా, 1960లలో సోవియట్ యూనియన్‌లో టీఎన్‌టీ, హెక్సోజెన్‌లను మూసిన గదిలో పేల్చి, మిగిలిన మసిలోంచి తీసినవి. వాటి ప్రాథమిక రేణువు 5 నానోమీటర్లే. ఒక్కో రేణువులో కార్బన్ పరమాణువులు పదకొండు వేల చిల్లర, గ్రాముకు ఉపరితలం 340 చదరపు మీటర్లు. మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల దాకా చిక్కగా కలిపితే, రెండు వందల అణువుల్లో ఒకటి ఉపరితలాన్ని తాకుతుంది. అప్పుడు జాగ్రత్తగా చూసేవారికి రామన్ పట్టీలో మార్పు అందుతుంది. మాస్కో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2012లో ఇలాంటి రేణువుల మీద కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ వంటి వేర్వేరు సమూహాలుంచి, ఒకే నమూనాలో నీటి ఓహెచ్ పట్టీనీ, వజ్రపు వెలుగునూ కలిపి చూశారు. ఉపరితల సమూహాన్ని బట్టి రెండూ మారుతున్నాయని చూపారు. అయితే గుర్తుంచుకోండి, అక్కడి వెలుగు మీ ఎన్‌వీ వెలుగు కాదు. పేలుడు వజ్రాల్లో కనిపించే విశాలమైన వెలుగు ఎక్కువగా ఉపరితల లోపాలది, గ్రాఫైట్ తరహా కార్బన్‌ది. ఆ వెలుగు పుట్టేదే నీటి అంచున కాబట్టి నీటి బంధాలు దాన్ని సూటిగా తాకుతాయి. మీ కేంద్రాలు రాయి లోపల ఉన్నాయి. వాటికి నీటి కబురు ఎలక్ట్రాన్ల ద్వారానే అందుతుంది. ఈ రెంటినీ కలిపి మాట్లాడటం వల్లే పత్రికల్లో సగం గందరగోళం అని నా అభిప్రాయం.

హైడ్రోజన్ కప్పిన రేణువుల విషయం బెర్లిన్‌లోని హెల్మ్‌హోల్ట్జ్ కేంద్రంలో, బెస్సీ-2 అనే సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి బలమైన కిరణాలు పుట్టించే యంత్రం) ఇచ్చే మృదు ఎక్స్ కిరణాలతో చూశారు. నీటిలో తేలుతున్న రేణువుల మీదే ఆక్సిజన్ శోషణ వర్ణపటం తీస్తే, తక్కిన ఉపరితలాల కన్నా హైడ్రోజన్ ఉపరితలం చుట్టూ నీటి అల్లిక వేరుగా ఉందని తేలింది. 2017లో వచ్చిన ఫలితమది. కారణం ఊహించడం కష్టం కాదు. కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ సమూహాలు నీటితో చేయి కలుపుతాయి, ఇవ్వడమూ పుచ్చుకోవడమూ రెండూ చేస్తాయి. కార్బన్‌కు అంటుకున్న హైడ్రోజన్ నీటితో బంధం కలపదు, కాబట్టి దాని ముందు నిలబడ్డ నీటి అణువుకు ఒక చేయి ఖాళీగా ఉండిపోతుంది. దానికి తోడు బొగ్గుపులుసు గారు చెప్పిన ఎలక్ట్రాన్ బదిలీ వల్ల అంచున ఆవేశం చేరి, ఆ ఆవేశానికి తగ్గట్టు నీరు తిరిగి సర్దుకుంటుంది. అంటే మీ నమూనాలో వెలుగు తగ్గించినదీ, నీటిని కదిపినదీ ఒకే బదిలీ కావచ్చు. నీరు వెలుగును ఆర్పడం, వెలుగు నీటిని చూపడం అని ఒకదాన్ని ఇంకొకదానికి కారణంగా రాయకుండా ఉంటే మంచిది.

మీ దగ్గర సింక్రోట్రాన్ లేకపోయినా పరారుణ వర్ణపటమాపకం ఉంటుంది. నీటిలో కాకుండా పొడినే తడిపి చూడండి. ఆరబెట్టిన పొడిని పలుచగా పరిచి, తేమను కొద్దికొద్దిగా పెంచుతూ ఒక్కో దశలో వర్ణపటం తీస్తే, ముందు పట్టిన నీరే ఉపరితలపు నీరు, తరువాత వచ్చేదంతా మామూలు నీరు. అక్కడ 80 వేలకు ఒకటన్న గొడవ ఉండదు.

ఇంకొకటి, తొందరగా చెప్పి వదిలేస్తాను. ఆమ్లంలో మరిగించిన పొడి సరిగా కడగకపోతే నైట్రేట్, సల్ఫేట్ అయాన్లు నీటిలో మిగులుతాయి, అవి కూడా ఓహెచ్ పట్టీని మారుస్తాయి. రామన్ వర్ణపటంలో 1049, 981 సెం.మీ⁻¹ దగ్గర సన్నటి రేఖలు ఉన్నాయేమో చూడండి, నీటి పీహెచ్ కూడా చూడండి. సెంట్రిఫ్యూజ్ చేసి పైకి తేరిన నీటిని విడిగా తీసి దాన్నే ఖాళీ నమూనాగా వాడితే ఈ అనుమానం సగం తీరుతుంది.

కొల్లూరు కుర్రాడు

నేను మీ రంగం వాడిని కాను, బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. మా వైపు కృష్ణ ఒడ్డున పాత కొల్లూరు గనుల కథలు వింటూ పెరిగాను కాబట్టి ఒక అమాయకపు ప్రశ్న. గోల్కొండ వజ్రాన్ని నూరితే ఇంకా మంచి నానో వజ్రం వస్తుందా?

బొగ్గుపులుసు

రాదండి, మాస్టారూ. గోల్కొండ వజ్రాలకు పేరు వచ్చిందే వాటి స్వచ్ఛత వల్ల. వాటిలో పేరుపొందిన చాలా రాళ్లు రెండో తరగతి ‘ఎ’ రకానివి, అంటే నత్రజని దాదాపు లేనివి. నత్రజని లేకపోతే ఎన్‌వీ కేంద్రమూ లేదు, అదనపు ఎలక్ట్రాన్ ఇచ్చే దాతా లేదు. వెన్నెలరాయి గారి పనికి కావలసింది, పది లక్షల పరమాణువులకు వంద దాకా నత్రజని ఉన్న పసుపురంగు కృత్రిమ వజ్రం. నగల దుకాణంలో లోపమనిపించుకునేదే ఇక్కడ ముడిసరుకు.

వెన్నెలరాయి

మూడు వారాల తరువాత వచ్చి రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి.

పుంజానికి గురికాని పొడికి రెండు చర్యలూ చేసి, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పునే కలిపి, 532 లేజర్‌తో నీటి పట్టీని తీశాను. ఆక్సీకరణం చేసినది, హైడ్రోజన్ పూసినది, ఉత్త స్వేదనజలం మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, కొలతలో సహజంగా ఉండే రొద (నాయిస్) స్థాయిని దాటి తేడా లేదు. కుడిపక్క లేచిన భుజం పోయింది. 1049 దగ్గర గానీ 981 దగ్గర గానీ ఏ రేఖా లేదు, పీహెచ్ 6 చిల్లర. కాబట్టి రామన్‌రేఖ గారు అన్నట్టు అది ఎన్‌వీ వెలుగు వాలే.

హైడ్రోజన్ పొడిలో కొంత తీసి మళ్లీ గాలిలో 450 డిగ్రీల దగ్గర ఐదు గంటలు ఉంచాను. జీటా పొటెన్షియల్ +31 నుంచి −35కు తిరిగింది. నీటి పట్టీతో భాగించి చూస్తే ఎర్ర వెలుగు మొదటి నమూనాలో పదింట తొమ్మిది వంతుల దాకా తిరిగి వచ్చింది, 575 దగ్గరి చిన్న రేఖ అణిగిపోయింది. కానీ పొడి రంగు కూడా ఆ ముదురు ఛాయ వదిలి తేలికైంది. అందుచేత తిరిగి వచ్చిన వెలుగులో ఎలక్ట్రాన్ల వాటా ఎంత, మసి తుడుచుకోవడం వాటా ఎంత అన్నది ఇంకా విడదీయలేదు. జీవితకాలం కొలవడానికి వచ్చే నెల రెండు రోజులు వేరే ప్రయోగశాలలో పరికరం ఇస్తామన్నారు. మూడు పొడులనూ, ఆక్సీకరణం చేసినది, హైడ్రోజన్ పూసినది, తిరిగి ఆక్సీకరణం చేసినది, ఒకే రోజున ఒకే బలంతో కొలుస్తాను.

తడిపొడి

కొలిచే ముందు హైడ్రోజన్ పొడిని అప్పటికప్పుడు సోనికేటర్‌లో పెట్టండి, అడుగుకు దిగనివ్వకండి. వీలైతే కొద్ది నీటిని నత్రజని బుడగలు పంపి ఆక్సిజన్ పోగొట్టి, ఆ నీటిలో కూడా ఒక్కసారి చూడండి. ఎలక్ట్రాన్లను తీసుకునేది నీటిలో కరిగిన ఆక్సిజనే అయితే, దాన్ని తగ్గించినప్పుడు 575, 637 రేఖల నిష్పత్తి కొంచెమైనా కదలాలి.

వెన్నెలరాయి

అలాగేనండి. నత్రజని సిలిండర్‌కు ఈ రోజే చీటీ పెట్టాను.